ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ ఒకే ఫైళ్ల నిల్వ: ఏర్పాటు చేసుకునే పద్ధతి

ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ కలిసి వాడుకునేలా ఫైళ్లన్నిటినీ ఒకచోట పెట్టాలనుకున్న వారెవరైనా మొదట అడిగేది ఏ యంత్రం కొనాలని. నేను మాత్రం ముందు ఒక తెల్లకాగితం తీసుకొమ్మంటాను. దాని మీద మూడు నిలువు వరుసలు గీసి, మొదటి వరుసలో ఫోల్డర్ల పేర్లు, రెండో వరుసలో వాటిని చూడగలిగేవారి పేర్లు, మూడో వరుసలో వాటిలో రాయగలిగేవారు, చెరపగలిగేవారు ఎవరో రాసుకోవాలి. ఈ కాగితం సరిగా కుదిరితే మిగిలిన పనంతా ఒక పూట పని. అది లేకుండా యంత్రం తెచ్చి పెట్టుకుంటే, అందరూ అన్నీ రాయగలిగే ఒకే ఒక పెద్ద ఫోల్డర్ తయారవుతుంది, ఆరు నెలలు తిరిగేసరికి అందులో ఏది ఎవరిదో, ఏది అసలో ఏది నకలో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది.

నా కాగితంలో నాలుగు రకాల ఫోల్డర్లే ఉన్నాయి. ఎవరైనా ఏదైనా వేసుకుని తీసుకునే ఉమ్మడి ఫోల్డర్ ఒకటి; అందరూ చూడగలిగినా ఇద్దరు మాత్రమే మార్చగలిగే ఫొటోల ఫోల్డర్ ఒకటి; ఇంటి దస్తావేజులు, బిల్లులు, సర్టిఫికెట్ల స్కాన్లు ఉండే ఫోల్డర్ ఒకటి; ఇవి కాక ఒక్కొక్కరికీ సొంతంగా, ఇతరులకు కనిపించని ఫోల్డర్. ఫొటోల విషయంలో రాసే అనుమతిని ఇద్దరికే పరిమితం చేయడానికి ఒక కారణం ఉంది. మొదట్లో అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చినప్పుడు, తన ల్యాప్‌టాప్‌లో జాగా చాలడం లేదని ఇంట్లో ఒకరు, అది తన దగ్గరున్న నకలే అనుకుని, ఒక ఏడాది ఫొటోల ఫోల్డర్‌ను డిలీట్ చేశారు. రీసైకిల్ బిన్ తెరిచి చూస్తే అది ఖాళీగా ఉంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో చెరిపిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదని, నేరుగా పోతుందని నాకు ఆ రోజే అనుభవంలోకి వచ్చింది. చెరిపేటప్పుడు 'శాశ్వతంగా తొలగించమంటారా' అని విండోస్ అడుగుతుంది కానీ, ఆ ప్రశ్నను పూర్తిగా చదివేవాళ్లు అరుదు.

యంత్రం, డిస్కులు

యంత్రం విషయంలో దారులు నాలుగు. మొదటిది, రూటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు హార్డ్ డిస్క్ తగిలించడం. ఇది అయిదు నిమిషాల్లో అయిపోతుంది కానీ, చాలా రూటర్ల ప్రాసెసర్ ఈ పనికి చాలదు, మనిషికో అనుమతి చొప్పున ఇచ్చే సదుపాయం చాలావాటిలో ఉండదు. నేను దీన్ని సిఫారసు చేయను. రెండోది, ఎప్పుడూ నడుస్తూ ఉండే విండోస్ కంప్యూటర్ ఇంట్లో ఉంటే అందులోనే ఫోల్డర్‌ను షేర్ చేయడం. మూడోది, ఈ పని కోసమే తయారై, డిస్కులు దూర్చుకోవడానికి గదులున్న నాస్ పెట్టె కొనుక్కోవడం. నాలుగోది, మూలనపడిన పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి దాన్నే నాస్‌గా మార్చడం. ఇక్కడ నాలుగో దారిని వివరంగా, రెండో దారిని క్లుప్తంగా చెబుతాను. నాస్ పెట్టెలో మెనూల పేర్లు వేరైనా పనులు, వాటి వరుస ఇవే కాబట్టి మూడో దారి ఎంచుకున్నవారికీ ఇది పనికొస్తుంది.

పాత కంప్యూటర్ ఉచితంగా దొరికినట్టే ఉంటుంది కానీ, అది రోజంతా తాగే కరెంటును లెక్కలోకి తీసుకోవాలి. సగటున 60 వాట్లు వాడే డెస్క్‌టాప్ 24 గంటలూ నడిస్తే నెలకు దాదాపు 43 యూనిట్లు అవుతాయి; 10 వాట్లు వాడే చిన్న యంత్రానికి 7 యూనిట్ల పైచిలుకు సరిపోతాయి. అందుకే పాత డెస్క్‌టాప్ కన్నా, తెర పగిలో బ్యాటరీ పోయో పక్కన పెట్టిన ల్యాప్‌టాప్, లేదా అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఈ పనికి మెరుగు. అలాంటి చిన్న కంప్యూటర్లలో ఒకటైన 'రాస్ప్‌బెర్రీ పై' వాడదలిస్తే 2019లో వచ్చిన నాలుగో తరం నుంచి తీసుకోవాలి, ఎందుకంటే పూర్తి గిగాబిట్ వేగమున్న నెట్‌వర్క్ పోర్టు, యూఎస్‌బీ 3 పోర్టులు రెండూ దానితోనే మొదలయ్యాయి.

ఓపెన్‌మీడియావాల్ట్‌కు రెండు డిస్కులు కావాలి. ఒకటి సాఫ్ట్‌వేర్ కోసం, రెండోది ఫైళ్ల కోసం. మొదటిదానికి 16 జీబీ చిన్న ఎస్ఎస్‌డీ అయినా చాలు, కానీ ఆ డిస్క్ మొత్తాన్నీ సాఫ్ట్‌వేరే ఆక్రమిస్తుంది, అందులో మిగిలిన జాగాను ఫైళ్లకు వాడుకోనివ్వదు. రెండోదానికి మామూలు హార్డ్ డిస్క్ సరిపోతుంది, ఎందుకంటే ఇంటి నెట్‌వర్క్ వేగం కన్నా దాని వేగమే ఎక్కువ. 4 టీబీ అని రాసి ఉన్న డిస్క్‌ను విండోస్‌లో తగిలిస్తే 3.63 టీబీ అనే చూపిస్తుంది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా ఇది, అందులో మోసమేమీ లేదు. రెండు డిస్కులను జోడించి ఒకదాని ప్రతిబింబాన్ని మరొకదానిలో ఉంచే రెయిడ్ 1 పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. ఒక డిస్క్ చెడిపోయినా పని ఆగకుండా ఉండటానికి అది ఉపయోగపడుతుంది. అయితే ఒకరు ఫోల్డర్‌ను చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది కనుక దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. ఇంట్లో పని అరపూట ఆగితే కొంపేమీ మునగదు. రెండో డిస్క్ కొనే స్తోమత ఉంటే దాన్ని రెయిడ్‌కు కాక బ్యాకప్‌కు కేటాయించడమే నా మాట.

తీగ, చిరునామా

నిల్వ యంత్రాన్ని రూటర్‌కు తీగతోనే కలపాలి. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు వైఫైలో ఉన్నా పరవాలేదు కానీ, ఇటు యంత్రమూ అటు ల్యాప్‌టాప్ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ఫైలూ ఒకే గాలిదారిలో రెండుసార్లు ప్రయాణించాల్సి వస్తుంది, వేగం సగానికి పడుతుంది. గిగాబిట్ తీగ సిద్ధాంతపరంగా సెకనుకు 125 ఎంబీలు మోస్తుంది, ఆచరణలో 110 దాకా వస్తుంది. 100 మెగాబిట్ తీగ మీద సుమారు 11 ఎంబీల దగ్గరే ఆగుతుంది. 500 జీబీ ఫొటోలను మొదటిసారి ఎక్కించడానికి ఒకదానిలో గంటంపావు పడితే, రెండోదానిలో పన్నెండున్నర గంటలు పడుతుంది.

ఈ 11 అనే అంకెను గుర్తుపెట్టుకోవాలి. నేను మొదటిసారి ఫైళ్లు ఎక్కిస్తున్నప్పుడు కాపీ కిటికీలో వేగం 11.2 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయింది. డిస్క్ కొత్తది, రూటర్ గిగాబిట్‌ది, యంత్రం పోర్టు కూడా గిగాబిట్‌దే. రెండు రోజులు సెట్టింగులన్నీ తిరగేశాక, రూటర్ వెనుక పోర్టు పక్కన వెలుగుతున్న చిన్న లైటు మిగతావాటిలా ఆకుపచ్చగా కాక నారింజ రంగులో ఉందని గమనించాను. తీగ పీకి చివర ఉన్న పారదర్శక క్లిప్‌ను వెలుతురులో పెట్టి చూస్తే, ఎనిమిది సన్నని తీగల్లో గోధుమరంగుది ఒకటి లోపలి పన్ను దాకా చేరకుండా పొట్టిగా తెగి ఉంది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. అందుకే నాలుగో జత తెగినా కనెక్షన్ పోలేదు, చప్పుడు చేయకుండా కింది వేగానికి దిగిపోయింది. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని ముద్రించి ఉన్న, రెండు చివరలా క్లిప్ ఫ్యాక్టరీలోనే వేసిన తీగ మార్చాక వేగం పదింతలైంది. లైటు రంగుల అర్థం ఒక్కో పరికరంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మిగతా పోర్టులతో పోల్చి చూసుకోవడం మంచిది.

తరువాత చిరునామా. రూటర్ ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ ఒకటి తాత్కాలికంగా ఇస్తుంది; కరెంటు పోయి వచ్చాక అది మారవచ్చు, మారితే ల్యాప్‌టాప్‌లలో చేసిన ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. ఇందుకు యంత్రంలో స్థిర చిరునామా రాయడం కన్నా, రూటర్ పేజీలోకి వెళ్లి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ విభాగంలో 'అడ్రస్ రిజర్వేషన్' అనే చోట యంత్రపు మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఎదురుగా 192.168.1.50 లాంటి ఒక చిరునామాను కేటాయించడం తేలిక. రెండూ ఒకే పని చేసేవే అయినా, రూటర్‌లో చేస్తే చిరునామాల పట్టిక అంతా ఒకేచోట ఉంటుంది, అదే చిరునామా మరో పరికరానికి పొరపాటున వెళ్లదు.

ఇంట్లో రెండు రూటర్లున్నవారు ఇక్కడ ఒక చిక్కులో పడతారు. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన పెట్టెకు వెనుక మనం కొన్న రెండో రూటర్‌ను తగిలిస్తే, చాలాసార్లు అది తనదైన వేరే నెట్‌వర్క్‌ను సృష్టిస్తుంది. ల్యాప్‌టాప్ చిరునామా 192.168.0 తోనూ నిల్వ యంత్రం చిరునామా 192.168.1 తోనూ మొదలవుతుంటే జరిగింది ఇదేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. రెండో రూటర్‌ను 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లోకి మారిస్తే రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి. అలాగే అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కు ఇంటి యంత్రాలేవీ కనిపించవు. అది లోపం కాదు, గెస్ట్ వైఫై ఉద్దేశమే అది.

ఓపెన్‌మీడియావాల్ట్‌లో పని

సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక సైటు నుంచి దించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలి. ఈ దశలో ఫైళ్ల డిస్క్‌ను తీగ పీకి పక్కన పెట్టండి. ఇన్‌స్టలేషన్ ఏ డిస్క్‌ను ఎంచుకుంటే దాన్ని మొత్తం చెరిపేస్తుంది, ఒకేలా కనిపించే రెండు పేర్లలో తప్పుదాన్ని ఎంచుకునే అవకాశమే లేకుండా చేయడం ఉత్తమం. భాష, సమయ మండలం, రూట్ (యంత్రం మీద సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. అది పూర్తయ్యాక కంప్యూటర్‌ను ఆపి, ఫైళ్ల డిస్క్ తగిలించి మళ్లీ ఆన్ చేస్తే, ఇక దానికి తెర, కీబోర్డు అవసరం లేదు. మరో కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, కేటాయించిన చిరునామాను టైప్ చేస్తే లాగిన్ పేజీ వస్తుంది. మొదటి యూజర్ పేరు 'అడ్మిన్', పాస్‌వర్డ్ 'ఓపెన్‌మీడియావాల్ట్', రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. ఈ పాస్‌వర్డ్ ప్రపంచమంతటికీ తెలుసు కనుక లోపలికి వెళ్లగానే చేయవలసిన మొదటి పని దాన్ని మార్చడం.

ఈ పేజీలో మీరు ఏది మార్చినా పైన పసుపురంగు పట్టీ ఒకటి వస్తుంది. దాని మీద ఉన్న టిక్ నొక్కి ఖాయం చేసేదాకా మార్పు అమలు కాదు. సగం ఇబ్బందులకు మూలం ఈ టిక్‌ను మరిచిపోవడమే.

'స్టోరేజ్' విభాగంలో 'ఫైల్ సిస్టమ్స్' తెరిచి, ఫైళ్ల డిస్క్ మీద లినక్స్ యంత్రాలు వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో కొత్త ఫైల్ సిస్టమ్ సృష్టించి, మౌంట్ చేయాలి, అంటే వాడకానికి అందుబాటులోకి తేవాలి. ఇది డిస్క్‌లోని పాత సమాచారాన్నంతా చెరిపేస్తుంది. విండోస్‌లో వాడిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ను చెరపకుండా అలాగే మౌంట్ చేయడం సాధ్యమే అయినా, మనం కాగితం మీద రాసుకున్న మనిషికో అనుమతి పద్ధతి దాని మీద సరిగా పనిచేయదు కాబట్టి, ఫైళ్లను ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, దీన్ని కొత్తగా ఫార్మాట్ చేయడమే సరైనది. ఆ తరువాత అదే విభాగంలో 'షేర్డ్ ఫోల్డర్స్' కింద కాగితంలో ఉన్న ఒక్కో పేరుతో ఒక్కో ఫోల్డర్ సృష్టించాలి. ఈ పై స్థాయి పేర్లను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పొట్టిగా పెట్టమని నా సలహా, ఎందుకంటే టీవీల్లోనూ కొన్ని ఫోన్ యాప్‌లలోనూ తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపించవచ్చు. లోపలి ఫోల్డర్లకు, ఫైళ్లకు నిక్షేపంగా తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు.

అయితే తెలుగు పేర్లకు ఒక పరిమితి ఉంది. ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'శ్రీ' నిజానికి శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అనే నాలుగు గుర్తులు, అంటే పన్నెండు బైట్లు. ఆ లెక్కన 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. విండోస్‌లో 255 గుర్తుల దాకా చెల్లుతుంది కనుక, అక్కడ హాయిగా ఉన్న పొడవాటి తెలుగు పేరుగల ఫైలు ఇక్కడికి కాపీ కావడానికి మొరాయిస్తుంది. పేరు కుదిస్తే సరిపోతుంది.

'యూజర్స్' విభాగంలో ఇంట్లోని ప్రతి ఒక్కరికీ వేరువేరు ఖాతా తెరవాలి. అందరూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ వాడుకుంటే తేలిక కదా అనిపిస్తుంది కానీ, అలా చేస్తే మనం గీసుకున్న మూడు వరుసల కాగితానికి అర్థం ఉండదు. ఖాతాలయ్యాక, ఒక్కో షేర్డ్ ఫోల్డర్‌ను ఎంచుకుని 'పర్మిషన్స్' నొక్కి, కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని, ఎవరికి చదివి రాసే హక్కు, ఎవరికి చదివే హక్కు మాత్రమే, ఎవరికి అసలు ప్రవేశమే లేదో గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. పక్కనే 'ఏసీఎల్' అనే మరో మెనూ కనిపిస్తుంది. ఇంటి అవసరాలకు దాని జోలికి వెళ్లనక్కర్లేదు, వెళ్లి తెలియక మార్చినవారు మళ్లీ మొదటికి రావడం కష్టం.

మిగిలింది ఈ ఫోల్డర్లను నెట్‌వర్క్‌లోకి వదలడం. ఇందుకు వాడే భాష ఎస్ఎంబీ. ఇది 1980లలో ఐబీఎంలో పుట్టి, తరువాత విండోస్ ఫైల్ షేరింగ్‌కు పునాది అయింది. దాన్ని విండోస్ కాని యంత్రాలూ మాట్లాడేలా చేసింది 1991-92లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా అనే సాఫ్ట్‌వేర్. యాపిల్ కూడా తన సొంత పద్ధతిని పక్కన పెట్టి 2013 నుంచి దీన్నే ప్రధానం చేసుకుంది కనుక, ఇంట్లో ఏ రకం పరికరం ఉన్నా ఈ ఒక్క సేవ చాలు. 'సర్వీసెస్'లో 'ఎస్ఎంబీ' తెరిచి, సెట్టింగులలో దాన్ని ఆన్ చేసి, 'షేర్స్' కింద ఒక్కో ఫోల్డర్‌ను చేర్చాలి. 'పబ్లిక్' అన్నచోట 'నో' అని ఉంచాలి. పాస్‌వర్డ్ లేని ప్రవేశాన్ని కొత్త విండోస్, ముఖ్యంగా 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో కూర్పు, ఎలాగూ తిరస్కరిస్తుంది. అదే పేజీలో కిందికి వెళితే 'రీసైకిల్ బిన్' అనే గడి ఉంటుంది. ప్రతి షేర్‌కూ దానికి టిక్ పెట్టి, ఎన్ని రోజులు ఉంచాలో కూడా రాయండి. నేను 60 అని రాశాను. చెరిపిన ఫైళ్లు ఆ షేర్‌లోనే దాగి ఉండే ఒక ఫోల్డర్‌లోకి చేరతాయి. ఈ గడి నాకు ముందే తెలిసి ఉంటే ఆ ఏడాది ఫొటోల కోసం ఫోన్లన్నీ వెతుక్కునే పని తప్పేది. కానీ ఒక ఫైలును తెరిచి, తప్పుగా మార్చి, అదే పేరుతో సేవ్ చేస్తే ఈ బిన్ ఆదుకోదు. అది చెరపడాన్ని పట్టుకుంటుంది కానీ మార్చడాన్ని పట్టుకోదు.

విండోస్ కంప్యూటర్‌నే వాడుకోదలిస్తే

సెట్టింగులలో నెట్‌వర్క్‌ను 'ప్రైవేట్' అని గుర్తించి, 'అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్'లో 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' రెండూ ఆన్ చేయాలి, 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆన్‌లోనే ఉంచాలి. ఇంట్లోవారికి తలా ఒక లోకల్ ఖాతా, దానికి పాస్‌వర్డ్ పెట్టాలి. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్'లోని 'షేరింగ్' ట్యాబ్‌లో 'అడ్వాన్స్‌డ్ షేరింగ్' ద్వారా షేర్ చేస్తే, అక్కడ ఒక అనుమతుల పట్టిక కనిపిస్తుంది. పక్కనే ఉన్న 'సెక్యూరిటీ' ట్యాబ్‌లో మరో పట్టిక ఉంటుంది. ఇవి ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు తలుపుల్లాంటివి. రెండూ తెరిచి ఉంటేనే మనిషి లోపలికి రాగలడు. షేరింగ్ పట్టికలో పూర్తి అధికారం ఇచ్చినా, సెక్యూరిటీ పట్టికలో ఆ మనిషి పేరు లేకపోతే ప్రవేశం దొరకదు. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగులలో 'స్లీప్'ను 'నెవర్' చేయడం మరవకూడదు.

ఇంకొక మాట. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి కంప్యూటర్ తెరిచేవారు నెట్‌వర్క్ పాస్‌వర్డ్ అడిగినచోట కూడా అదే పిన్ కొడతారు, అది తప్పంటుంది. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్‌లో చెల్లేది ఖాతా అసలు పాస్‌వర్డ్.

పరికరాలను కలపడం

విండోస్ ల్యాప్‌టాప్‌లో 'నెట్‌వర్క్' గుర్తు మీద నొక్కి యంత్రం కనిపించలేదని చాలామంది నిరాశపడతారు. ఆ జాబితాను నమ్ముకోవద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన ఉన్న చిరునామా పట్టీలో \\192.168.1.50 అని టైప్ చేసి ఎంటర్ కొడితే పేరు, పాస్‌వర్డ్ అడిగి ఫోల్డర్లు చూపిస్తుంది. గీతలు వెనక్కి వాలినవి అయి ఉండాలి. కావలసిన ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' అంటే అది సి, డి డ్రైవ్‌ల పక్కన జెడ్ డ్రైవ్‌గా నిలిచిపోతుంది, మళ్లీ మళ్లీ టైప్ చేయనక్కర్లేదు.

ఒకే ల్యాప్‌టాప్ నుంచి ముందు ఒకరి పేరుతో, తరువాత ఇంకొకరి పేరుతో ప్రవేశించబోతే, ఒకే యంత్రానికి రెండు పేర్లతో కనెక్షన్ కుదరదంటూ విండోస్ అడ్డుకుంటుంది. 'క్రెడెన్షియల్ మేనేజర్' తెరిచి, ఆ చిరునామా పేరిట దాచుకున్న పాత పేరును తీసేసి, ఒకసారి సైన్ అవుట్ అయి వస్తే సరిపోతుంది. అనుమతులను పరీక్షించేటప్పుడు ఇది పదేపదే ఎదురవుతుంది, దాంతో అనుమతులే తప్పేమోనని వాటిని కెలికి పాడుచేసుకుంటారు.

మ్యాక్‌లో ఫైండర్ 'గో' మెనూలోని 'కనెక్ట్ టు సర్వర్' ద్వారా, ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి 'ఫైల్స్' యాప్‌లోనే ఉన్న అదే సదుపాయం ద్వారా ప్రవేశించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌వర్క్ నిల్వకు వీలిచ్చే ఫైల్ మేనేజర్ యాప్ ఒకటి వేసుకోవాలి. వీడియోలు చూడటానికే అయితే వీఎల్‌సీ చాలు, అది ఎస్ఎంబీ ఫోల్డర్లను నేరుగా తెరుస్తుంది. పాత టీవీ పెట్టెలు కొన్ని ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను ఆన్ చేయమని అడుగుతాయి. చేయకండి, కారణం కింద చెబుతాను.

అన్నీ కలిపాక ఇద్దరు కూర్చుని చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఒకరు ఉమ్మడి ఫోల్డర్‌లో ఒక ఫైలు సృష్టించాలి, రెండోవారు దాన్ని మార్చి సేవ్ చేయాలి. రాసే హక్కు లేనివారు ఫొటోల ఫోల్డర్‌లో ఒక ఫైలును చెరపడానికి ప్రయత్నించి విఫలం కావాలి. రెండోది జరిగేదాకా ఏర్పాటు పూర్తయినట్టు కాదు. ఒకే స్ప్రెడ్‌షీట్‌ను ఇద్దరూ ఒకేసారి తెరిస్తే రెండోవారికి చదవడానికి మాత్రమే అని వస్తుంది, అది మంచిదే. నోట్‌ప్యాడ్ లాంటివి ఆ హెచ్చరిక ఇవ్వవు, చివర సేవ్ చేసినవారిదే నిలుస్తుంది.

బ్యాకప్, తాళాలు

అందరి ఫైళ్లూ ఒకచోటికి చేరాయంటే, పోతే అన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి ఫైళ్ల డిస్క్ అంత పెద్ద బయటి యూఎస్‌బీ డిస్క్ ఒకటి కొని, వారానికోసారి తగిలించి, ఓపెన్‌మీడియావాల్ట్‌లోని ఆర్‌సింక్ సేవతో కాపీ చేసి, తిరిగి తీసేసి బీరువాలో పెట్టాలి. ఎల్లప్పుడూ తగిలించే ఉంచితే, పిడుగుపాటుకూ ఫైళ్లను తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కూ రెండు డిస్కులూ ఒకేసారి బలి కావచ్చు. ఆర్‌సింక్‌లో 'డిలీట్' అనే గడికి టిక్ పెడితే అసలులో చెరిగినవి నకలులోనూ చెరుగుతాయి. పెట్టకపోతే చెత్త పేరుకుంటుంది. రెండు బయటి డిస్కులుంటే వారం విడిచి వారం మార్చుతూ టిక్ పెట్టవచ్చు, ఒకటే ఉంటే పెట్టకపోవడమే క్షేమం. రెండు డిస్కులున్నవారు వాటిలో ఒకదాన్ని వేరే ఇంట్లో ఉంచితే అగ్నిప్రమాదం, దొంగతనం సంగతి కూడా చూసుకున్నట్టే. మూడు నెలలకోసారి బీరువాలోని డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి ఒక పాత ఫొటోను తెరిచి చూడాలి. ఇక్కడ చిన్న మెలిక: ఆ డిస్క్‌ను ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేస్తే విండోస్ దాన్ని చదవలేదు, నిల్వ యంత్రంలోనే చూసుకోవాలి.

డిస్కుల ఆరోగ్యాన్ని చూసే 'స్మార్ట్' పరీక్షలను నెలకోసారి వాటంతట అవే జరిగేలా పెట్టుకోవచ్చు. అందులో 'రీఅలొకేటెడ్ సెక్టర్స్', 'పెండింగ్ సెక్టర్స్' అనే రెండు అంకెలు సున్నా దాటి పెరుగుతూ పోతుంటే కొత్త డిస్క్ కొనే సమయం వచ్చినట్టు. కరెంటు తరచుగా పోయేచోట చిన్న యూపీఎస్ తప్పనిసరి; పాత ల్యాప్‌టాప్‌ను వాడుతూ దాని బ్యాటరీ ఇంకా పావుగంట నిలిస్తే అదే యూపీఎస్. కానీ బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీసేయాలి.

బయట ఉన్నప్పుడు కూడా ఇంటి ఫైళ్లు చూడాలనే కోరిక కొద్ది రోజులకే పుడుతుంది. అందుకోసం రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తెరిచి ఎస్ఎంబీ వాడే 445 పోర్టును (ఇది తీగ గుచ్చే పోర్టు కాదు, సంఖ్యతో గుర్తించే దారి) ఇంటర్నెట్‌కు వదలడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వ్యాపించింది ఆ పోర్టు ద్వారానే, ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని వాడుకునే. దాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసినా, వేసుకోనివారు చిక్కుకున్నారు. అందుకే టీవీ పెట్టె కోసం మొదటి వెర్షన్‌ను లేపవద్దన్నాను. బయటి నుంచి రావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఇంటికి వేసుకునే రహస్య దారి, పెట్టుకోవాలి; ఫోన్‌లో దాన్ని ఆన్ చేయగానే ఫోన్ ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టే అవుతుంది, మిగతా సెట్టింగులేవీ మార్చనక్కర్లేదు. మీ ఇంటర్నెట్ కంపెనీ ఇంటికి విడిగా పబ్లిక్ చిరునామా ఇవ్వకపోతే నేరుగా వైర్‌గార్డ్ కుదరదు. అదే వైర్‌గార్డ్ మీద కట్టిన టెయిల్‌స్కేల్ అప్పుడు పనిచేస్తుంది.

మొదట గీసిన కాగితాన్ని పారేయకండి. దాని వెనుక వైపు యంత్రం చిరునామా, అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ డిస్క్ ఎక్కడుందో, దాన్ని చివరిసారి ఏ తేదీన తగిలించారో రాసి, బీరువాలో ఆ డిస్క్‌తో పాటే పెట్టి, మీరు ఊళ్లో లేనప్పుడు ఈ పని చూడగలిగే మరొకరికి చూపించండి.